పన్నెండో అధ్యాయంలో నిచ్చెన

"...గిన్నెలకు జలుబు చేస్తుందని నేనెప్పుడన్నానురా? నువ్వు రాశాకే కదా అంటున్నాను," అంది అక్క, కడిగిన గిన్నెల మీద తువ్వాలు కప్పుతూ.

"పోనీ, ఇకమీదట అనకు," అన్నాడు ఆమె తమ్ముడు, తపాలా గుమాస్తా. కవర్ల మీద ముద్రలు కొట్టే చేత్తోనే, భోజనాల వేళ, పాత ఫారాల వెనక అతను తన మొదటి నవల రాశాడు. తనను పెంచిన అక్కనే అందులో నవ్వుల పాత్రను చేశాడు. అచ్చుకు పంపేముందు చదవమని ఇచ్చినప్పటినుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. మూడో అధ్యాయం చదివిన రోజు, అందులో రాసినట్టే, ఆవిడ గిన్నెలకు తువ్వాలు కప్పింది. ఏడోది అయ్యాక పక్కింటి పిల్లికి క్షమాపణ చెప్పింది. ఇదేమిటని అడిగితే, "నా సంగతి నీకంటే ఎవరికి తెలుసు? అలాగే ఉంటాను కాబోలు," అంది నవ్వకుండా. పన్నెండో అధ్యాయంలో అక్క పక్కింటి రేడియో ఆపిద్దామని నిచ్చెనెక్కి, గోడ అవతల పడి చచ్చిపోతుంది. అది రాస్తూ అతను పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాడు.

ఇవాళ కాగితాల కట్ట పదకొండో అధ్యాయం దగ్గర తెరిచి ఉంది. కిటికీలోంచి చూస్తే, పెరటి గోడకు నిచ్చెన ఆనించి ఉంది.

"అదెందుకక్కా అక్కడ?" అన్నాడు, కిటికీ వైపు చూపిస్తూ.

"ఏమోరా, అక్కడ పెట్టాలనిపించింది."

అతను కట్టలోంచి చివరి అధ్యాయం లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"నవల పదకొండుతోనే అయిపోతుందక్కా," అన్నాడు.