నర్సమ్మ బైబిలు అంచులు

బైండరుకి దేవుడి మీద నమ్మకం పోయిందనీ, అందుకే చర్చి మానేశాడనీ, పైగా నర్సమ్మ బైబిల్ని పాత పుస్తకాలవాడికి అమ్ముకున్నాడనీ వీధంతా కోడై కూసింది. ఇందులో చర్చికి రాకపోవడం ఒక్కటే నిజం. మిగతాదంతా కుళాయి దగ్గర పుట్టి, నాలుగిళ్లు తిరిగేసరికి కాళ్లూ చేతులూ తెచ్చుకున్న మాట.

జరిగింది వేరు. ఆసుపత్రి పని నుంచి రిటైరైన నర్సమ్మ, అట్ట ఊడి కుట్లు తెగిన తన బైబిల్ని బైండింగుకి ఇచ్చింది. వారంలో ఇస్తానన్నాడాయన. కుట్టాడు, జిగురు పెట్టాడు. నలిగిన అంచులు సమం చెయ్యడానికి అలవాటు కొద్దీ కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా అర అంగుళం కోసేశాడు. ముప్పై ఏళ్లుగా ఎన్ని పుస్తకాలు బైండు చేశాడో గానీ, ఒక్కదాన్నీ తెరిచి చదివిన పాపాన పోలేదు. కోసిన కాగితం పీలికలు ఫ్యాను గాలికి గదంతా చెదిరాయి. ఊడ్వబోతే ఒకదాని మీద పెన్సిలు రాత కనిపించింది. 'జ్వరం త' అని ఉంది. మిగతా సగం పుస్తకంలో ఉండిపోయింది.

నలభై ఏళ్లుగా ఏ వాక్యం దగ్గర ఏం ప్రార్థించిందో, అది ఏ రోజు నెరవేరిందో ఆవిడ అంచుల్లో రాసుకుంది. బైండరు చీపురు పక్కన పడేశాడు.

పీలికలన్నీ ఏరి బిస్కెట్ల డబ్బాలో పోశాడు. సగం అక్షరానికి సగం అక్షరం కలిపి, పల్చటి కాగితంతో అతికించడం మొదలుపెట్టాడు. ఏ ముక్క ఎక్కడిదో తెలియాలంటే ఆ పక్కనున్న నాలుగు వాక్యాలైనా చదవక తప్పదు. చదివినది ఊరుకోనివ్వలేదు. అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని మళ్లీ కొట్లోకి పోయేవాడు. షట్టరు సగం దించుకునేవాడు. గిరాకీ వస్తే రేపు రమ్మనేవాడు.

నర్సమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. ఒకసారి అట్టగుడ్డ దొరకలేదన్నాడు, ఇంకోసారి జిగురు ఆరలేదన్నాడు. మండుటెండల్లో నెల రోజులు ఆరని జిగురేమిటో అని వీధి నవ్వుకుంది. చర్చిలో ఆవిడ కూర్చునేది గుమ్మం పక్కనే. ఆవిడ కంట పడకుండా లోపలికి పోయే దారి లేదు. అందుకే మానేశాడు.

భార్య మాత్రం ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

"పెళ్లికి ముందు నేను రాసిన ఉత్తరాలే సగంలో మడిచి పెట్టారు. ఇప్పుడీ చదువేమిటండీ? ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్యండి, కాళ్లు పట్టుకుంటే సరిపోతుంది" అంది.

ఆఖరి ముక్క అతికించాక కొత్త చొక్కా వేసుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు కూడా. సందు మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మర్నాడూ అంతే. మూడోనాడు చొక్కా కూడా మార్చుకోలేదు. భయమే అనుకుంది భార్య. ఆయనకీ అది భయమో మరొకటో తేలలేదు.

పది రోజులు చూసి నర్సమ్మే వచ్చింది. షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరి, బల్ల ముందు నిలబడింది. బల్ల మీద బైబిలు తెరిచే ఉంది. అతుకులు చూసింది. వేలితో ఒకదాన్ని తడిమింది.

"కోసేశావన్నమాట. సరే, అతికించావు కూడా. పని అయిపోయినట్టే ఉంది కదా నాయనా, మరి నా పుస్తకం నాకెందుకివ్వలేదు?"

బైండరు లేచి నిలబడ్డాడు. వేలు మాత్రం చదువుతున్న వరస మీద నుంచి తియ్యలేదు.

"తప్పయిపోయిందమ్మా. ఏ పాపం చెయ్యకపోయినా ఒంటి నిండా పుండ్లతో బూడిదలో కూర్చున్నాయన కథ దగ్గరున్నాను. ఆయన దేవుణ్ణి నిలదీస్తున్నాడు. ఆ పక్కనే మీరు మీ ఆయనగారు పోయిన తారీకు వేసి, 'ఎందుకు' అని రాశారు. జవాబు ఇంకా రాలేదమ్మా. అది చదివి ఇచ్చేస్తాను."