గార్డు గారి జేబు గడియారం

రాజమండ్రిలో పాత జేబు గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నవాడికి మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి గడియారం నడవక్కర్లేదు, మెరిస్తే చాలు. తాతగారి గడియారాన్ని కోటుకి తగిలించుకుని పెళ్లిలో ఫొటోలు దిగాలి. ఆ తాతగారు ఏం చేసేవారండీ అని అడిగితే నీళ్లు నములుతారు. ఒకాయనైతే రోజూ కీ ఎవరిస్తారని, లోపల యంత్రం పీకేసి బ్యాటరీ పెట్టమన్నాడు. బయటికి నడవమన్నాను.

ఆ రోజు వచ్చినాయన భీమవరంలో రొయ్యల చెరువులున్న ఆసామి. రోడ్డుకి అడ్డంగా కారు పెట్టి, ఇంజను కూడా ఆపకుండా దిగాడు. గడియారం నా బల్ల మీద పెట్టాడు. వాళ్ల నాన్నగారు నిడదవోలులో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారట. ఆయన పుట్టినరోజుకని ఈయన దాన్ని వేరే ఊళ్లో ఇచ్చి కొత్తదానిలా చేయించాడట. తీరా చేతిలో పెడితే, ఇది నాకింక పనికిరాదన్నారట. నడవడం లేదేమో చూడమన్నాడు.

చూశాను. చింతపండుతో తోమిన చెంబులా ఉంది. ఏళ్ల తరబడి చేతిలో అరిగి నునుపెక్కిన వెండికి పాలిష్ పట్టి, ఆ అరుగుదలంతా పోగొట్టారు. పైన కొత్త అద్దం బిగించారు. లోపల యంత్రం మాత్రం లక్షణంగా నడుస్తోంది. ఆ మాటే చెప్పాను.

"అయితే చాదస్తమేనండి," అన్నాడు. నాన్నగారికి చూపు పూర్తిగా పోయిందట. ఈ మధ్య పొద్దస్తమానం టైమెంతయిందని ఇంట్లో అందర్నీ అడుగుతున్నారట. తన భార్య విసుక్కుంటోందట.

చూపు లేని తండ్రికి గడియారం మెరిపించి ఇచ్చిన ఘనుడు. నాకు ఒళ్లు మండింది. నాన్నగారు ఎక్కడున్నారని అడిగాను. కారులోనే ఉన్నారట. దింపడం ఎందుకని ఏసీ వేసి ఉంచాడట. అదొక ఉపకారంలా చెప్పాడు.

నేనే వెళ్లి కారు తలుపు తీశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నారు పెద్దాయన. కొట్టువాణ్ణని చెప్పి, గడియారం ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలు అద్దం మీద చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయింది.

"ముళ్లు అందట్లేదండి," అన్నారు. "చూపు తగ్గినప్పుడు అద్దం నేనే తీసేశానండి. వేలితో తడిమి టైము చూసుకునేవాణ్ణి. ఇప్పుడు దీనికి మూత బిగించేశారు."

ఈ సంగతి మీ అబ్బాయితో చెప్పలేదా అని అడిగాను.

"చెప్పానండి. వాడప్పుడు ఫోన్లో ఉన్నాడు."

కొట్లోంచి సన్న చాకు తెచ్చి అక్కడే అద్దం ఊడదీశాను. మా పనిలో అది చేయకూడదు, యంత్రంలో దుమ్ము పడుతుంది. ఏడాదికోసారి తెస్తే శుభ్రం చేసిస్తానని పెద్దాయనతోనే చెప్పాను. కొడుకుతో చెప్పడం దండగ. నా వెనకే వచ్చి నిలబడ్డ ఆ కొడుకుగారి దిగులంతా ఆ అద్దం మీదే. కొత్తది, పారేయకండి, కవర్లో పెట్టి ఇవ్వండి అన్నాడు. పెట్టి ఇచ్చాను.

పెద్దాయన ముళ్లని తాకీ తాకనట్టు తడిమి, పదకొండూ నలభై అన్నారు. కొడుకు ఫోను తీసి సరిచూసుకున్నాడు. కరెక్టేనని ఆశ్చర్యపోయాడు కూడా. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లూ ఏం చూశాడో ఈ మనిషి.

పెద్దాయన గడియారం జేబులో వేసుకుని, కొడుకు గొంతు వినిపించిన వైపు తల తిప్పారు.

"ఆ ఫోను చేతిలో ఉండగానే మీ ఆవిడకి చెప్పెయ్యరా. నేనింక టైము అడగనని."