గుమ్మం మీది సంవత్సరం

ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాను. నాంపల్లి పాత ఇళ్ళ మీద ఒక పుస్తకం కూడా రాశాను. దానికోసం ఎండనక, వాననక తిరిగి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి, గల్లీ కుక్కలన్నిటి చేతా మొరిగించుకున్నాను. అచ్చయిన కాపీల్లో సగం ఇంకా మా మంచం కిందే ఉన్నాయి. అలాంటిది, రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఆదివారం పొద్దున్నే నలభై మందిని వెంటేసుకుని అవే గల్లీల్లో కథలు చెబుతూ తిరుగుతున్నాడంటే నాకెలా ఉంటుంది? కడుపు రగిలిపోయింది.

ఆ సంగతి నాకు తెలిసింది ఒక వీడియోలో. పంపింది నా పాత విద్యార్థిని. "మేడం, ఈయన ఎంత మంచిగ చెప్తున్నరో చూడండి. క్లాసుల మాకు ఎప్పుడూ గిట్ల అనిపియ్యలే" అని కింద రాసింది. పుండు మీద కారం చల్లడం ఆ పిల్లకి బళ్ళోనూ వచ్చు, ఇప్పుడూ వచ్చు.

మరుసటి ఆదివారం వెళ్ళాను. చరిత్ర మీద ప్రేమతో వెళుతున్నానని ఇంట్లో చెప్పాను కానీ, వెళ్ళింది ఆయన తప్పు పట్టుకోవడానికే. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళు అప్పుడే పట్టాలు పరుస్తున్నారు. నడక అక్కడ మొదలై నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల దాకా. ఆయనది కండక్టరు గొంతే, చివరి వరసకీ వినిపిస్తుంది. "జర ముంగటికి జరుగున్రి" అంటే జనం జరుగుతున్నారు. నా క్లాసులో ఎవరూ అలా జరగలేదు.

అసలు మంట వేరే. గుమ్మాల మీది ఉర్దూ రాళ్ళని ఆయన గడగడా చదివేస్తున్నాడు. యాభై ఆరులో మా తాత గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఉర్దూలో బేరమాడతాను, కొట్లాడతాను. చదవడం మాత్రం రాదు. అంకెలు గుర్తుపడతాను, అంతే. ఎన్ని రాళ్ళ కింద నిలబడి, చదివిపెట్టమని దారినపోయేవాళ్ళని బతిమాలానో! ఆయనకి చిన్నప్పుడు పక్కింటి ముసలాయన సరదాకి నేర్పాడట. సరదాకి!

ఒక రెండంతస్తుల ఇంటి ముందు ఆగాడు. నా పుస్తకం అట్ట మీదున్నది ఆ ఇల్లే. రాయి మీది మాటలన్నీ చదివి, సంవత్సరం దగ్గర ఆపేశాడు. పుస్తకం వెనక అట్ట మీది ఫొటో చూసి గుర్తుపట్టాడేమో, నావైపు తిరిగి, "గిది మేడం చెప్తరు. ఈ ఇంటి మీద పుస్తకం రాసింది ఈ మేడమే" అన్నాడు. అందరూ నన్ను చూశారు. గొంతు సవరించుకుని, అది హిజ్రీ సంవత్సరమని చెప్పి, మన లెక్కలోకి మార్చి చెప్పాను. చప్పట్లు కొట్టారు. దాచడమెందుకు, ఆ చప్పట్లు తియ్యగా ఉన్నాయి. ఈయనకి సంవత్సరాలు లెక్కకట్టడం రాదన్నమాట అనుకున్నాను.

అందరూ ఇరానీ హోటల్లోకి చాయ్‌కి వెళ్ళాక, "మేడం, ఒక్క నిమిషం గీడికి రాన్రి" అని నన్ను మళ్ళీ ఆ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏటేటా వేసిన సున్నంలో, అంకెల కింద మునిగిపోయిన అక్షరాలని వేలితో చూపించాడు.

"గీడ ఫస్లీ అని ఉన్నది మేడం."

నిజాం కాలంలో కచేరీ కాగితాలకీ, శిస్తుకీ వాడిన సంవత్సరం ఫస్లీ. దాన్ని హిజ్రీ అనుకుంటే ఇల్లు ఎనిమిదేళ్ళు పాతదైపోతుంది. రాయి మీద అంకె కనిపిస్తే, అది ఏ లెక్కో ముందు తేల్చుకోండని పిల్లలకి చెప్పింది నేనే. ఆ గల్లీలో అన్నిటికంటే పాత ఇల్లు ఇదేనని ఒక అధ్యాయమంతా వాదించిందీ నేనే.

"మరి అందరి ముందూ చెప్పలేదేం?" అన్నాను.

"మంది ముంగట ఎట్ల చెప్తా మేడం? మీ పుస్తకం చదివినంకనే నేను ఈ గల్లీలు తిరుగుడు మొదలువెట్టిన. మీరు దిద్దినంక నేను చెప్తా."

ఆయన తెలివినైతే ఓర్చుకునేదాన్నేమో. ఆ మంచితనాన్ని ఓర్చుకోలేకపోయాను. చాయ్ కూడా తాగకుండా ఆటో ఎక్కాను.

మంచం కింది కాపీల్లో అంటించడానికి సవరణ చీటీ రాయాలని కూర్చున్నాను. సంవత్సరం దిద్దడం ఒక్క నిమిషం పని. తప్పు ఎవరు పట్టుకున్నారో రాయడానికి వారం రోజులు కలం కదల్లేదు. చివరికి 'ఒక మిత్రుడు సూచించారు' అని రాసి అచ్చుకి ఇచ్చాను. చీటీ అంటించిన కాపీ ఆయనకి ఇస్తే, అక్కడే నిలబడి చదువుకుని, "ఇగ చెప్పొచ్చు మేడం" అని సంబరపడ్డాడు.

ఇదంతా సిగ్గుపడుతూనే రాశాను. అయినా చూడండి, ఇక్కడ కూడా ఆయన పేరు రాయలేదు.