మా బెల్టు ట్రాలీ మొదటి లోడు

మా మక్కలు, అంటే మొక్కజొన్నలు, ప్రతి పంటకూ రుద్రారం నుంచి పటాన్‌చెరు వైపున్న కోళ్ల దాణా మిల్లుకే వెళ్తాయి. ట్రాక్టర్ నేనే నడుపుతాను. కష్టమంతా మిల్లులో దింపడంలోనే ఉండేది. అక్కడి రేకుల షెడ్డు ఎత్తు తక్కువ. లోపల గింజలు జారిపడేలా ట్రాలీని పైకి లేపితే రేకులకు తగులుతుంది. అందుకని బయటే కుప్ప పోసి, హమాలీలతో లోపలికి మోయించేవాళ్లం. ఒక ఏడాది ఆ కుప్ప మీద వాన పడి మక్కలు మొలకలెత్తాయి. వాటిని చేతులతో ఎత్తి పారబోసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మా అన్న పాశమైలారం ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బెల్టుల మరమ్మతు చేసినవాడు. మొలకల సంగతి విని, "ట్రాలీ అడుగుకు బెల్టు పెడితే లేపుడే ఉండదు చెల్లె. మక్కలే నడుసుకుంట బయటికొస్తయి," అన్నాడు. నేను నవ్వాను. అన్న నవ్వలేదు. పాత బెల్టు, రోలర్లు సంపాదించి, ఒక బీహారు వెల్డర్‌ను వెంటబెట్టుకుని రెండు నెలలు మా వాకిట్లోనే పనిచేశాడు.

మొదటి లోడు రోజు పొద్దుటి నుంచీ మబ్బే. మిల్లు గేటు దాటేసరికి లోడు మీద కప్పిన టార్పాలిన్‌పై చినుకులు మొదలయ్యాయి. నేను ట్రాలీని నేరుగా షెడ్డులోకి వెనక్కి పోనిస్తుంటే సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, లోపలికే తెస్తున్నవ్? లేపితే రేకులు పోతయి."

"లేపను సారూ. జెర సూడుండ్రి."

అన్న టార్పాలిన్ లాగేసి, ట్రాలీ వెనక డాలా తలుపు తెరిచాడు. నేను లివర్ నొక్కాను. బెల్టు కిర్రుమని జానెడు కదిలి, ఎడమకు జరిగి ఇనుప చట్రానికి రాసుకుంది. "ఆపు," అని అరిచి, అన్న ట్రాలీ కింద దూరి, ఎడమ వైపు బోల్టు బిగించాడు. "ఇగ మెల్లగ ఇయ్యి."

ఈసారి లోడు మొత్తం ఒక్కసారిగా కదిలింది. పసుపుపచ్చటి గోడ నడిచి వస్తున్నట్టు మక్కలు వెనక అంచు దాకా వచ్చి జలజలా రాలాయి. కుప్ప పెరిగిన కొద్దీ నేను ట్రాక్టర్‌ను అంగుళం అంగుళం ముందుకు జరిపాను. పారలు పట్టుకుని నిలబడ్డ హమాలీలు చూస్తూనే ఉండిపోయారు. బయట వాన దంచుతోంది. లోపల ఒక్క గింజ తడవలేదు.

ట్రాలీ ఖాళీ అయ్యాక సూపర్‌వైజర్ దగ్గరికొచ్చి, "మల్లొక్కసారి తిప్పమ్మా," అన్నాడు. ఖాళీ బెల్టునే తిప్పి చూపించాను. హమాలీలలో పెద్దాయన తన నడుం తట్టుకుని, "గిది ముందే అయితే నా నడుం బతుకుతుండె," అన్నాడు.

తిరుగుదారిలో అన్న మడ్‌గార్డు మీద తడుస్తూనే, ఇంకో రోలర్ ఎక్కడ వెయ్యాలో చెబుతూ వచ్చాడు. నేను సగమే విన్నాను. ఇల్లు చేరి ట్రాక్టర్ దిగకముందే పక్క పొలం మామకు ఫోన్ చేశాను.

"మామా, మీ మక్కలు ఎండినయా? వాన ఆగంగనే నింపుకొని పోదాం."