సునీతక్క చూడని మార్పు

కొన్నేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. తిట్టుకుంటే తిట్టుకోండ్రి, ఫికర్ లేదు. మాఫ్ చెయ్యమని మాత్రం అడగ.

ఆదిభట్లల సాఫ్ట్‌వేర్ కొలువు నాది. కోడ్‌ల ఏం మార్చినా కమిట్ మెసేజ్ రాయాలె. ఏం మార్చినం, ఎందుకు మార్చినం, ఇంకెవరు చూసి సరే అన్నరు. నావి చూసేది సునీతక్క. యాచారం నుంచి ఆటోల ఇబ్రహీంపట్నం వచ్చి, నాతోనే కంపెనీ బస్సు ఎక్కేది. ఒక్కొక్క లైను స్క్రీన్ మీద వేలు పెట్టి చదివేది. రోజూ ఆమె పేరు కొట్టుడెందుకని ఎడిటర్ సెట్టింగులల్ల పెట్టేసిన. మెసేజ్ రాయనీకి తెరిస్తే చాలు, "చూసింది: సునీత" అని కింద తయారుగ ఉండేది.

గది తప్పా? ఇప్పటికీ అనను. ఇద్దరు చూడాలె అని రూల్ పెట్టి, ఒక్కరు చూసేటంత టైం గూడ ఇయ్యని మేనేజర్‌ను ఎవరడిగిన్రు?

ఒకనాడు అక్క మీటింగ్‌ల ఉంటే, మేనేజర్ తొందర పెట్టిండు. చూపెట్టకుండనే పంపిన. మెసేజ్ కింద ఆమె పేరు గూడ దానంతటదే పడి పోయింది. తీసేసుడు మర్చిపోయిననా? లేదు. కండ్లార చూసిన. తీస్తే ఆపుతరని వదిలేసిన.

మా కస్టమర్ ఒక దవాఖాన. నేను పంపిన మార్పుతోని తెల్లారేసరికి ఒకరి అపాయింట్‌మెంట్ ఇంకొకరికి పోయింది. నన్నూ తిట్టిన్రు గని, చూసి గూడ ఎట్ల వదిలినవని అందరి ముంగట అక్కను నిలదీసిన్రు. పొద్దుగూకినంక బస్సుల నా పక్కన కూసొని మెల్లగ అడిగింది.

"గది నేను చూసిననా? జర గూడ యాదికొస్తలేదు."

"అవ్ అక్కా, చూసినవ్."

నా మాట నమ్మి, తన మతినే అనుమానించుకున్నది. చూసిందే మల్ల మల్ల చూసేది. ఇంటికి తాళమేసిననా అని బస్సులకెళ్లి పక్కింటోళ్లకు ఫోన్ చేసేది. ఎవ్వలూ పొమ్మనలే, తనే రాజీనామా ఇచ్చింది. ఆమె కుర్చీ నాకిచ్చిన్రు. కూసున్న.

మొన్న ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన.

"అయితే నా మతి మంచిగనే ఉండెనా?" అన్నది. జవాబు వినకుండనే పెట్టేసింది.

మల్ల చేస్తే ఎత్తుతలేదు. ఎత్తకపోనీ. ఆ మేనేజర్‌ను నేను మాఫ్ చెయ్యలే, ఆమె నన్నెందుకు చెయ్యాలె? చెప్పిన. ఛాతీ మీద బరువు జర దిగింది. గంతే.