గోటి మీద ఎరుపు

నర్సు మీద రాసిన ఫిర్యాదులో నేనొక సంగతి దాచాను. తమ్ముడు వెంటిలేటర్ మీద ఉంటే, ఆమె మాటిమాటికీ వాడి గోళ్లు నొక్కుతూ కాలక్షేపం చేస్తోందని రాశాను. ఒక పొద్దున అలా నొక్కి చూడగానే ఆమె డాక్టర్ దగ్గరికి పరుగెత్తిందని, ఆయన వచ్చి వెంటనే మందు మార్చాడని రాయలేదు. నా ఫిర్యాదుతో ఆమెను వేరే వార్డుకు మార్చారు.

తమ్ముడు కోలుకున్నాక, ఇబ్రహీంపట్నం బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఐసీయూలో నర్సునని చెప్పింది.

"గోళ్లు నొక్కుడేనా అక్కా పని?" అన్నాను.

ఆమె నా బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ చోటికి ఎరుపు తిరిగొచ్చింది.

"గిది జర ఆలస్యమైతే సన్న నరాలకు నెత్తురు అందుతలేదన్నట్టు. బీపీ మంచిగున్నా గట్ల అయితది. మేం ముందుగాల గోటి మీదనే పట్టుకుంటం అన్నా," అంది గర్వంగా.

మర్నాడే తమ్ముణ్ణి తీసుకుని దవాఖానకు వెళ్లి, ఆ నర్సును వెతికి పట్టుకున్నాను. అందరి ముందూ చెప్పాను: "తప్పు నాదే చెల్లే, మాఫ్ చెయ్. నీ చేతి చలవతోనే వీడు నడిచొచ్చిండు."