సూర్యుడు కనిపించిన బకెట్

బులవాయో పట్నంలో మెహ్లులి పెరట్లో, రేకుల పంచ కింద రెండు పాత యంత్రాలున్నాయి. రైల్వే షెడ్డు వాళ్లు ఇక పనికిరావని పారేస్తే తెచ్చుకున్నవి. ఒకటి రేకు అంచు మడుస్తుంది, రెండోది రేకును గుండ్రంగా చుడుతుంది. చుట్టేదానికి పిడి తిప్పడం భార్య తాండెకిలే వంతు, రేకు అందించడం ఇతని వంతు. బకెట్ తయారవగానే మెహ్లులి తల అందులో దూర్చి, చిల్లులేమైనా ఉన్నాయేమోనని ఎండకేసి చూసేవాడు.

"సూర్యుడు కనిపించాడా?" ప్రతిసారీ ఆమె అడిగేది.

"లేదు. అంతా చీకటే."

"అయితే బాగున్నట్టే. ఇంక తల బయటికి తియ్యవయ్యా!"

నిన్న ఆమె పోయింది. ఈ పొద్దున కూడా మెహ్లులి యంత్రం ముందు నిలబడి రేకు అందించాడు. పిడి తిరగలేదు. అక్క దుమజిలే వచ్చి, తాండెకిలే నీళ్లు మోసిన బకెట్ అతని ముందు పెట్టింది. అక్కడ పోయినవాళ్లు వాడిన సామాను సమాధి మీద పెడతారు, అదీ చిల్లు పొడిచాకే.

"నా చేతులతో చిల్లు పొడవమంటావా అక్కా?"

"పొడవకపోతే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడురా. కానియ్, అందరూ ఎదురుచూస్తున్నారు."

మెహ్లులి బకెట్‌ను బోర్లించి, అడుగున మేకు పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. అలవాటు కొద్దీ తల అందులో దూర్చి ఎండకేసి చూశాడు. ఎంతకీ తల తియ్యలేదు. అక్క అతని భుజం పట్టి కదిపితే, లోపల్నుంచే అన్నాడు:

"కనిపించాడే, తాండెకిలే."